ఊరూ పేరూ అడగని ఫైలు

2022 ఏప్రిల్ 4న తిరువూరు కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాకు మారింది. ఊరు మాత్రం అంగుళం కూడా జరగలేదు. మైలవరం నుంచి వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి ఎప్పటిలాగే తిరువూరు మీదుగా భద్రాచలం వైపు, అక్కణ్నుంచి జగదల్‌పూర్ వైపు సాగిపోతోంది. పొరుగున ఉన్న నూజివీడు ఏలూరు జిల్లాలో కలిసింది. అక్కడి చిన్నరసాల మామిడిపళ్లు ఏ జిల్లా పేరు చెప్పి అమ్మినా చిన్నరసాలే. అయితే "కృష్ణా జిల్లా అయితే ఇలా చెయ్యి" అని ఎవరైనా ఏ లెక్కలోనో, ఏ ప్రోగ్రాములోనో రాసి పెట్టుకుని ఉంటే ఆ ఒక్క రోజుతో ఆ మాటకు అర్థం మారిపోయింది. "ఇక్కడ జాతీయ రహదారి ఉందా?" అని చూసుకుని నడిచేవాడికి ఏ మార్పూ తెలియలేదు. పేరును బట్టి నడవడానికీ, ఉన్నదాన్ని బట్టి నడవడానికీ మధ్య ఉన్న ఈ తేడాయే కంప్యూటర్ వాడేవాళ్లకు రోజూ ఎదురయ్యే ఒక చిన్న చిక్కుకు మూలం. ఒకే షెల్ సెట్టింగుల ఫైలును లినక్స్, మ్యాక్, విండోస్, ఆండ్రాయిడ్ యంత్రాలన్నిటిలోనూ వాడుకోవడం ఎలా అన్నదే ఆ చిక్కు.

షెల్ అంటే టెర్మినల్ తెరిచినప్పుడు మనం టైపు చేసిన మాటను అందుకుని, దానికి తగిన ప్రోగ్రామును వెతికి నడిపించే మధ్యవర్తి. అది మేలుకోగానే ముందుగా ఒక ఫైలు చదువుతుంది. ప్రోగ్రాములు ఏయే ఫోల్డర్లలో వెతకాలి, పొడుగాటి కమాండ్లకు మనం పెట్టుకున్న ముద్దుపేర్లు ఏమిటి, ఏ భాషలో మాట్లాడాలి అన్నవన్నీ ఆ ఫైల్లో ఉంటాయి. కొన్నేళ్లు వాడేసరికి అది వంటింటి పోపులపెట్టెలా తయారవుతుంది. ఏది ఎక్కడుందో చెయ్యికి తెలుసు. నూజివీడులో 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం క్యాంపస్ మొదలైన దగ్గర్నుంచి ఈ చుట్టుపక్కల పల్లెల పిల్లలకు టెర్మినల్ కొత్త వస్తువేమీ కాదు. తిరువూరు నుంచి వెళ్లి చదువుకునే ఒక విద్యార్థినిని ఊహించుకుందాం. ల్యాబులో ఉబుంటు. ఇంట్లో అన్నయ్య వాడి వదిలేసిన విండోస్ ల్యాప్‌టాప్. బస్సులో చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోను, అందులో టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్. రేపు హైదరాబాదులో ఉద్యోగం వస్తే బల్లమీద మ్యాక్ ఉండొచ్చు. నాలుగు యంత్రాలకు నాలుగు పోపులపెట్టెలు సర్దుకునే ఓపిక ఎవరికుంటుంది? ఒకటే పెట్టుకుని, ఫైళ్ల మార్పులను దాచి పంచే గిట్ ద్వారా అన్నిచోట్లకూ తీసుకెళ్లాలనుకోవడం సహజం. ఆ ఫైలు ఎలా రాస్తే అన్నిచోట్లా నిలబడుతుందన్నదే ప్రశ్న.

ఈ ఫైళ్ల పేర్లు బ్యాష్‌ఆర్‌సీ, జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీ అంటూ ఉంటాయి, ముందొక చుక్కతో. చివరి ఆర్‌సీ అన్న తోక 1960ల్లో ఎమ్‌ఐటీలో నడిచిన సీటీఎస్‌ఎస్ అనే వ్యవస్థ నాటిది. అక్కడ లూయీ పూజాఁ అనే ఫ్రెంచి ఇంజనీరు కమాండ్లను వరసగా నడిపించే రన్‌కామ్ అనే ప్రోగ్రాము రాశాడు. ఆర్‌సీ దాని పొట్టిపేరు. షెల్ అన్న మాట పెట్టిందీ ఆయనే. ముందున్న చుక్క కథ ఇంకా తమాషా. యూనిక్స్ తొలినాళ్లలో ప్రతి ఫోల్డర్లోనూ తననూ తన పై ఫోల్డర్నూ సూచించే ఒంటిచుక్క, జంటచుక్క అనే రెండు పేర్లు కనిపిస్తూ జాబితా చూసేవాళ్లను విసిగించేవి. వాటిని దాచడానికి "పేరు చుక్కతో మొదలైతే వదిలెయ్" అని ఒక్క పరీక్ష పెట్టారు. దాంతో చుక్కతో మొదలయ్యే ప్రతి ఫైలూ కనుమరుగైంది. ఇది ఎవరూ అనుకుని చేసింది కాదని ఆ కాలం వాళ్లతో పనిచేసిన రాబ్ పైక్ 2012లో చెప్పాడు. పొరపాటున దొరికిన ఆ చాటును ఆ తర్వాత ప్రతి ప్రోగ్రామూ తన సామాను దాచుకునే అటకగా మార్చుకుంది. 1979లో స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్‌తో ప్రొఫైల్ అనే చుక్క ఫైలు వచ్చింది, బిల్ జాయ్ రాసిన సీ షెల్‌తో దాని ఫైళ్లు దానికొచ్చాయి, 1989లో బ్రయన్ ఫాక్స్ బ్యాష్, 1990లో పాల్ ఫాల్‌స్టాడ్ జెడ్‌షెల్. ఒక్కొక్కరిదీ ఒక్కో పద్ధతి. ఎవరూ ఎవరితోనూ ముందు మాట్లాడుకోలేదు, మాట్లాడుకోవాల్సిన అవసరమూ అప్పుడు కనపడలేదు.

అందుకే తేడాలు పెద్ద విషయాల్లో తక్కువ, చిన్న విషయాల్లో ఎక్కువ. ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కమాండ్‌నే చూడండి. లినక్స్‌లో ఉండే గ్నూ ఎల్‌ఎస్‌కు రంగులు కావాలంటే కలర్ అని పొడుగు మాటతో అడగాలి. బీఎస్‌డీ అనే యూనిక్స్ వంశంలోంచి వచ్చిన మ్యాక్ ఎల్‌ఎస్‌కు పెద్ద బడి 'జీ' అక్షరం ఒక్కటి చాలు. కాబట్టి చాలామంది తమ ఫైల్లో "యంత్రం మ్యాక్ అయితే జీ పెట్టు, లినక్స్ అయితే కలర్ పెట్టు" అని రాసుకుంటారు. కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. తర్వాత మ్యాక్ మనిషి హోమ్‌బ్రూ అనే ప్రోగ్రాములు దించే సాధనం ద్వారా గ్నూ పనిముట్లు దించుకుని, వాటినే ముందు వెతకమని షెల్‌కు చెబుతాడు. యంత్రం ఇప్పటికీ మ్యాకే. ఎల్‌ఎస్ మాత్రం గ్నూది. గ్నూ ఎల్‌ఎస్‌కు ఆ జీ అక్షరానికి అర్థం వేరు: వివరంగా చూపేటప్పుడు గ్రూపు పేరున్న నిలువు వరసను తీసెయ్యమని. రంగులు రావు, ఒక వరస మాయమవుతుంది, తప్పు జరిగిందని ఒక్క మాట కూడా తెరమీద రాదు. గట్టిగా అరిచి ఆగిపోయే తప్పు కన్నా ఇలా నోరు మూసుకుని వేరే పని చేసే తప్పు ఎక్కువ ప్రమాదం. ఇంకో వైపు, ఇటీవలి మ్యాక్ వెర్షన్లలోని ఎల్‌ఎస్ కలర్ అన్న పొడుగు మాటను కూడా ఒప్పుకుంటోంది. అంటే "మ్యాక్ అయితే" అన్న ఆ పాత షరతు ఒకచోట అబద్ధం, ఇంకోచోట అనవసరం.

యంత్రాన్ని దాని పేరడిగే కమాండ్ యూనేమ్. లినక్స్ మీద లినక్స్ అంటుంది, మ్యాక్ మీద డార్విన్ అంటుంది. మొదట్లో ఆ జవాబు చాలినంత నిజం చెప్పేది. 2016లో మైక్రోసాఫ్ట్ విండోస్ లోపలే లినక్స్ ప్రోగ్రాములు నడిపే ఏర్పాటు తెచ్చింది. దాని తొలి రూపంలో లినక్స్ కెర్నల్, అంటే ఆ వ్యవస్థ నడిగుండె, లేనేలేదు. లినక్స్ ప్రోగ్రాము అడిగినదాన్ని విండోస్‌కు అర్థమయ్యేలా మార్చి చెప్పే దుబాసీ మాత్రమే ఉంది. పేరడిగితే అదీ లినక్స్ అనే చెప్పేది. టెర్మక్స్‌లో పేరడిగితే మళ్లీ లినక్సే, అది నిజం కూడా, ఎందుకంటే ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లినక్స్ కెర్నలే. కానీ లినక్స్‌లో బ్యాష్ ఉంటుందనుకునే చోట ఇందులో అది ఉండదు. టెర్మక్స్ సామానంతా ఆండ్రాయిడ్ ఆ యాప్‌కు కేటాయించిన సొంత గదిలోనే ఉంటుంది. మామూలు లినక్స్ దారులు రాసి ఉన్న స్క్రిప్టుల కోసం టెర్మక్స్ వాళ్లు ప్రత్యేకంగా ఒక సర్దుబాటు సాధనాన్నే తయారు చేసుకోవాల్సి వచ్చింది. విండోస్ మీద గిట్‌తో పాటు వచ్చే గిట్ బ్యాష్‌లో పేరడిగితే విండోస్ 11 కూడా తన అంకె 10.0 అనే చెబుతుంది. మ్యాకుల్లో ఇంటెల్ చిప్ ఉన్నదీ, ఆపిల్ సొంత చిప్ ఉన్నదీ రెండూ డార్వినే. హోమ్‌బ్రూ మాత్రం పాతదాంట్లో ఒకచోట, కొత్తదాంట్లో ఇంకోచోట కాపురం పెడుతుంది. 2025 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 25.10లో మామూలు పనిముట్లు చాలావాటి స్థానంలో రస్ట్ భాషలో కొత్తగా రాసినవి చేరాయి. ఉబుంటు పేరు మారలేదు, ఎల్‌ఎస్ రాసినవాళ్లు మారారు. బోర్డు మారితే ఊరు మారినట్టు కాదని తిరువూరు చెబుతుంది. బోర్డు అలాగే ఉన్నా లోపల ఊరు మారిపోవచ్చని ఉబుంటు చెబుతోంది.

ఈ పాఠం కంప్యూటర్ ప్రపంచం ఒకసారి బాగా ఖర్చుపెట్టి నేర్చుకున్నదే. 1980ల్లో ప్రతి కంపెనీకీ ఒక సొంత యూనిక్స్ ఉండేది. ప్రోగ్రాము రాసినవాళ్లు "ఇది ఫలానా కంపెనీ యంత్రం అయితే" అన్న షరతులు దొంతర్లుగా పేర్చేవారు. కొత్త యంత్రం బజార్లోకి వచ్చినప్పుడల్లా ఆ దొంతర మీద ఇంకొకటి. 1991 వేసవిలో డేవిడ్ మెకెంజీ మొదలుపెట్టిన ఆటోకాన్ఫ్ ఆ దారి వదిలి, యంత్రాన్ని పేరు అడగడం మానేసింది. చిన్న చిన్న ప్రోగ్రాములు అక్కడికక్కడ రాసి, అవి నడుస్తున్నాయో లేదో చూసి, ఈ సౌకర్యం ఉంది, అది లేదు అని నిర్ణయించుకోవడం నేర్పింది. అందుకే తన పుట్టుక తర్వాత పుట్టిన యంత్రాల మీద కూడా అది పని చేసింది. వెబ్ బ్రౌజర్లు ఇదే తప్పును ఇంకోసారి చేసి చూపించాయి. సైట్లు పేరడిగి మంచి పేజీలు కొందరికే ఇవ్వడం మొదలుపెట్టేసరికి, మిగతా బ్రౌజర్లన్నీ ఆ మంచి పేజీలు దక్కే పేరైన మొజిల్లా అనే తమను చెప్పుకోవడం నేర్చుకున్నాయి. ఈ రోజుకీ క్రోమ్ తన పరిచయాన్ని మొజిల్లా అన్న మాటతోనే మొదలుపెడుతుంది. పేరును బట్టి మర్యాద చేస్తామంటే అందరూ ఆ పేరే చెబుతారు. పెళ్లిపందిట్లో అయినా, ఇంటర్నెట్‌లో అయినా.

షెల్ ఫైల్లో పేరుకు బదులు పని అడగడం కష్టమేమీ కాదు. కమాండ్ డాష్ వీ అని రాసి పక్కన ఒక ప్రోగ్రాము పేరు పెడితే, ఆ ప్రోగ్రాము ఈ యంత్రంలో ఉందో లేదో షెల్ చెబుతుంది. ఇది యూనిక్స్ వంశపు వ్యవస్థలకు ఉమ్మడి అయిన పోజిక్స్ ప్రమాణంలో ఉన్నది కాబట్టి దాదాపు ప్రతి షెల్‌కూ అర్థమవుతుంది. తెరమీది మాటను కాపీ చేసే పని తీసుకోండి. మ్యాక్‌లో పీబీకాపీ, లినక్స్ పాత తెరలకు ఎక్స్‌క్లిప్, కొత్త తెరలకు డబ్ల్యూఎల్‌కాపీ, విండోస్‌లో క్లిప్, టెర్మక్స్‌లో దాని సొంత కమాండ్. యంత్రాల పేర్లతో రాస్తే నాలుగు షరతులు, అందులోనూ లినక్స్ షరతు లోపల మళ్లీ రెండు. "వీటిలో ఏది దొరికితే దానికి కాపీ అని పేరు పెట్టు" అని రాస్తే సరిపోతుంది. రేపు ఐదో యంత్రం వచ్చినా చాలావరకు ఆ వరసలో ఒక పేరు చేరుతుందంతే. హోమ్‌బ్రూ విషయంలోనూ అంతే: ఏ చిప్ అని అడగనక్కర్లేదు, ఆ ఫోల్డర్ ఉందా అని చూస్తే చాలు.

దీనికి మొదటి అభ్యంతరం వేగం గురించి. టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ ఇరవై పరీక్షలు పెడితే తెర ముందు కూర్చున్నవాడు ఎదురు చూడాలి గదా అంటారు. కొంత నిజమే, కానీ ఏ పరీక్షకు ఎంత ఖర్చో విడదీసి చూడాలి. కమాండ్ డాష్ వీ షెల్ లోపలే ఉన్న పని. దానికోసం కొత్త ప్రోగ్రాము పుట్టాల్సిన పని లేదు. ఫోల్డర్ ఉందా అని చూడటమూ అంతే. ఖర్చంతా బయటి ప్రోగ్రామును లేపి నడిపించడంలో ఉంది, ముఖ్యంగా గిట్ బ్యాష్‌లో, ఎందుకంటే యూనిక్స్ పద్ధతిలో కొత్త ప్రక్రియను పుట్టించడం విండోస్ మీద బరువైన పని. తమాషా ఏమిటంటే పేరడిగే యూనేమ్ కూడా బయటి ప్రోగ్రామే. వేగం పేరు చెప్పి పేరడగడాన్ని సమర్థించేవాళ్లు ఎక్కువ ఖరీదైన పరీక్షనే ఎంచుకుంటున్నారు. నిజంగా బరువైన పరీక్షలు నాలుగైదు ఉంటే వాటిని ఒకసారి పెట్టి, ఫలితాన్ని ఆ యంత్రంలోనే ఒక చిన్న ఫైల్లో రాసి పెట్టుకోవచ్చు.

రెండో అభ్యంతరం ఇంతకంటే బలమైనది. పేరు ఒకటే ఉండి ప్రవర్తన వేరైతే ఉందా లేదా అన్న పరీక్ష ఏం చేస్తుంది? ఫైల్లోని మాటలు మార్చే సెడ్ కమాండ్ అన్ని యంత్రాల్లోనూ ఉంది. ఉన్న ఫైలునే మార్చమని చెప్పే ఐ అక్షరం పెడితే గ్నూ సెడ్ ఊరుకుంటుంది, మ్యాక్ సెడ్ పాత కాపీకి ఏ తోక పెట్టాలో చెప్పమంటుంది. చెప్పకపోతే మనం రాసిన సవరణనే తోక అనుకుని, ఫైలు పేరును సవరణ అనుకుంటుంది. బ్యాష్ కూడా ఇంతే. ఆపిల్ తన మ్యాకుల్లో ఇప్పటికీ ఉంచిన బ్యాష్ 3.2 వెర్షన్ 2006 నాటిది. 2009లో వచ్చిన బ్యాష్ 4 నుంచి లైసెన్సు జీపీఎల్ మూడో రూపానికి మారడంతో ఆపిల్ అక్కడే ఆగింది, 2019లో క్యాటలినా అనే మ్యాక్ వెర్షన్‌తో తన కొత్త వాడుకరులకు జెడ్‌షెల్‌ను ముందు పెట్టింది. పేర్లతో వెతుక్కునే పట్టికలు బ్యాష్ 4లో వచ్చాయి కాబట్టి, వాటిని వాడిన ఫైలు మ్యాక్‌లోని బ్యాష్ ముందు తెల్లమొహం వేస్తుంది. ఇక్కడ అడగాల్సింది "బ్యాష్ ఉందా?" అని కాదు, "ఈ పని చేస్తావా?" అని. ఎల్‌ఎస్‌ను కలర్ మాటతో ఒకసారి నడిపి, వచ్చింది పారేసి, అది తప్పు చెప్పకుండా ముగిసిందా అని చూడాలి. సెడ్ విషయంలో నా మాట ఇంకా సూటిగా ఉంటుంది: ఐ అక్షరం పంచుకునే ఫైల్లో వాడనే వాడొద్దు. కొత్త ఫైల్లోకి రాసి పేరు మార్చుకుంటే ఏ యంత్రమూ కాదనదు. ఉబుంటు 2006లో, డెబియన్ 2011లో ఎస్‌హెచ్ అనే మామూలు షెల్ పేరు కింద బ్యాష్‌కు బదులు చిన్నదైన, వేగమైన డాష్ అనే షెల్‌ను పెట్టినప్పుడు బయటపడింది ఇదే. ఎస్‌హెచ్ అని పైన రాసి లోపల బ్యాష్ సొంత మాటలు వాడిన స్క్రిప్టులు విరిగాయి. జంట సమానం గుర్తు, సోర్స్ అన్న మాట, ఇలాంటి చిన్నవే. ప్రమాణంలోని మాటల్నే వాడినవి ఆ రోజు కూడా మామూలుగానే నడిచాయి.

అసలు పంచుకోవడమే ఎందుకు, యంత్రానికో ఫైలు పెట్టుకుంటే పోదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఒక్క యంత్రమే వాడేవాళ్లకు ఆ మాట సరైనదే. వాళ్లు ఈ వ్యాసంతో కాలయాపన చేసుకోనక్కర్లేదు. రెండోది చేరిన రోజు నుంచి మాత్రం ఒకచోట దిద్దిన తప్పు ఇంకోచోట అలాగే ఉండిపోతుంది, ఆర్నెల్ల తర్వాత ఏది కొత్తదో గుర్తుండదు. షెమ్వా లాంటి సాధనాలు యంత్రం పేరును బట్టి ఫైలును మార్చి రాసి ఇస్తాయి గదా అంటే, ఏ ఫైలు ఎక్కడ పెట్టాలో తేల్చడానికి అది మంచిదే. ఫైలు లోపల ప్రవర్తనను తేల్చడానికి మాత్రం అందులో కూడా పేరు కన్నా "ఈ ప్రోగ్రాము దొరుకుతుందా?" అని చూసే సౌకర్యమే మేలు, అదీ వాళ్లు ఇచ్చారు. అన్నీ పంచుకోనక్కర్లేదు కూడా. ల్యాబు ప్రాక్సీ, ఆఫీసు సర్వరు చిరునామా, రహస్య తాళాలు, ఇవన్నీ ఆ యంత్రానికే చెందినవి. పంచుకునే ఫైలు చివర "లోకల్ అనే ఫైలు ఉంటే దాన్నీ చదువు" అని ఒక వరస రాసి, ఆ లోకల్‌ను గిట్ గడప దాటనివ్వకూడదు.

ఏ పరీక్షకూ అందని చిక్కు ఒకటుంది: ఫైలును షెల్ చదవనే లేకపోవడం. టెలిటైపు రోజుల్లో కొత్త వరసకు రెండు కదలికలు ఉండేవి, అచ్చు తలను ఎడమకు తేవడం, కాగితాన్ని పైకి జరపడం. యూనిక్స్ రెండోదాని గుర్తు ఎల్‌ఎఫ్ ఒక్కటే ఉంచుకుంది, డాస్ మీదుగా విండోస్ రెంటినీ మోసుకొచ్చింది. నోట్‌ప్యాడే 2018 దాకా యూనిక్స్ వరసల్ని విడదీసి చూపలేకపోయింది. విండోస్‌లో గిట్ దించిన ఫైలుకు ప్రతి వరస చివరా ఆ అదనపు గుర్తు చేరితే, బ్యాష్ దాన్ని కమాండ్‌లో భాగం అనుకుని అలాంటి కమాండ్ లేదంటుంది. ఫైల్లో ఆ గుర్తు కంటికి కనపడదు కాబట్టి కొత్తవాళ్లు గంటలు పోగొట్టుకుంటారు. మొదటి వరసే చెడ్డాక ఎంత తెలివైన పరీక్ష రాసినా లాభం లేదు. గిట్ అట్రిబ్యూట్స్ ఫైల్లో "ఇవి ఎల్‌ఎఫ్‌తోనే ముగియాలి" అని ఒక వరస పెట్టడమే మందు.

తెలుగులో ఫోల్డర్లకు పేర్లు పెట్టుకునేవాళ్లకు ఇంకో రెండు మెలికలు. "పైరు" అన్న పేరులో ఐత్వం యూనికోడ్‌లో ఒక్క సంకేతం. కానీ దాన్ని ఎత్వం, కింద ఐత్వపు తోక అని రెండుగా విడగొట్టి రాసినా సమానమే. తెలుగు గుణింతంలో ఇలా విడిపోయేది ఇదొక్కటే. 2017 దాకా మ్యాకులు వాడిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైలు పేర్లను విడగొట్టి దాచేది. కాబట్టి 12 బైట్ల పైరు అక్కడ 15 బైట్లయ్యేది. ఆ పేరే లినక్స్‌కు వస్తే, కీబోర్డు మీద టైపు చేసిన పైరుకూ తెరమీద కనిపించే పైరుకూ కంటికి తేడా ఉండదు, షెల్ మాత్రం అలాంటి ఫోల్డర్ లేదంటుంది. రెండోది లొకేల్, అంటే ఏ భాషలో, ఏ లిపి సంకేతాలతో నడవాలో చెప్పే సెట్టింగు. పంచుకునే ఫైల్లో తెలుగు లొకేల్ పెట్టమని ధైర్యంగా రాసేస్తే, అది లేని యంత్రం విసుక్కుని వెనకటి బైట్ల లెక్కకు దిగిపోతుంది. ఇక్కడ కూడా యంత్రం పేరడిగి లాభం లేదు, ఒకే ఉబుంటులో ఒక ల్యాబువాళ్లు ఆ లొకేల్ తయారు చేసి ఉంచుతారు, ఇంకో ల్యాబువాళ్లు ఉంచరు. ఆ లొకేల్‌తో కొత్తగా తెరిచిన షెల్‌కు ఒక మాట ఇచ్చి దాని పొడవు చెప్పమంటే తేలిపోతుంది. "తిరువూరు" ఇవ్వండి. చదివేవాళ్లకు నాలుగక్షరాలు, యూనికోడ్‌కు ఎనిమిది సంకేతాలు, డిస్కు మీద 24 బైట్లు. బ్యాష్ 8 అంటే లొకేల్ పట్టింది. 24 అంటే ఆ వరసను వదిలేసి, యంత్రంలో ఉన్న లొకేళ్ల జాబితాలో చివర యూటీఎఫ్-8 ఉన్నదేదో ఒకటి వెతుక్కోవాలి.